పది చేతులు మారే కంప్యూటర్లో ఫ్లాపీ మొరాయిస్తే: కారణాన్ని పట్టుకునే క్రమం

సోనీ సంస్థ జపాన్‌లో 3.5 అంగుళాల ఫ్లాపీల అమ్మకాన్ని 2011 మార్చిలో ఆపివేసింది. అయినా బెంగళూరు పీణ్య పారిశ్రామిక వాడ వంటి చోట్ల, పాత సి.ఎన్.సి. యంత్రాలో (కంప్యూటరు ప్రోగ్రాము ప్రకారం లోహాన్ని కోసేవి) కంప్యూటర్ ఎంబ్రాయిడరీ యంత్రాలో ఇంకా నడుస్తున్న షాపుల్లో, ఫ్లాపీకి సెలవు దొరకలేదు. యంత్రం గట్టిగానే ఉంటుంది, కానీ దానిలోకి ప్రోగ్రాము పంపడానికి ఉన్న దారి ఆ ఒక్క ఫ్లాపీ డ్రైవే. ప్రోగ్రాములు రాసే కంప్యూటరు మాత్రం అందరిదీ. పగటి షిఫ్టులో ఒకరు దానిపై ఫ్లాపీ రాస్తారు, రాత్రి షిఫ్టులో హిందూపురం నుంచో మదనపల్లె నుంచో వచ్చిన మరొకరు ఆ ఫ్లాపీని యంత్రంలో పెడతారు, మర్నాడు మూడో మనిషి దానిపైనే ఇంకో జాబ్ ఎక్కిస్తాడు.

సొంత కంప్యూటర్లో ఫ్లాపీ చెడితే పోయేది ఒక్క ఫ్లాపీ. పదిమంది వాడే కంప్యూటర్లో అలా కాదు. పూత రాలుతున్న ఫ్లాపీ, డ్రైవులో చదివి రాసే భాగమైన హెడ్‌ను మురికి చేస్తుంది, మురికి పట్టిన హెడ్ తరువాత పెట్టిన మంచి ఫ్లాపీని గీకుతుంది, ఆ గీతలు పడిన ఫ్లాపీని పట్టుకుని “అన్నా, ఆ పక్క సిస్టంలో పెట్టి చూద్దాం” అని వెళ్ళిన మనిషి రెండో డ్రైవును కూడా పాడు చేసి వస్తాడు. మధ్యాహ్నం ఒక్క ఫ్లాపీతో మొదలైన తగవు సాయంత్రానికి షాపులో ఉన్న డ్రైవులన్నిటికీ పాకుతుంది. అందుకే ఇక్కడ మరమ్మతు కంటే ముందు పాటించవలసింది క్రమం: ఏది ముందు చూడాలి, ఏది అసలు చేయకూడదు అన్నది. కింద చెప్పినదంతా ముఖ్యంగా 3.5 అంగుళాల 1.44 మెగాబైట్ల ఫ్లాపీ గురించే.

మొదటి మెట్టు: ఆపి, తాళం వేసి, రాసి పెట్టడం

తెర మీద తప్పు సందేశం కనబడగానే మళ్ళీ మళ్ళీ ప్రయత్నించవద్దు. డ్రైవు దీపం ఆరిపోయేదాకా ఆగి, ఫ్లాపీని బయటికి తీసి, వెనకవైపు మూలన ఉన్న చిన్న ప్లాస్టిక్ మీటను జరిపి ఆ రంధ్రం తెరుచుకునేలా పెట్టండి. రంధ్రంలోంచి వెలుతురు కనిపిస్తే ఫ్లాపీపై ఇక ఏదీ రాయబడదు. 5.25 అంగుళాల పాత ఫ్లాపీలో లెక్క తిరగబడుతుంది, పక్కనున్న గంటును కాగితపు బిళ్ళతో మూసివేస్తేనే రక్షణ. ఈ పని వెంటనే చేయాలనడానికి కారణం ఉంది. విండోస్ 95, 98 వంటి వ్యవస్థలు రక్షణ లేని ఫ్లాపీని చదవడానికి తెరిచినప్పుడు కూడా దాని మొట్టమొదటి భాగమైన బూట్ సెక్టార్‌లో తమ గుర్తు ఒకటి రాసేస్తాయి. మామూలు కంప్యూటరుకు దానివల్ల నష్టం లేకపోయినా, బూట్ సెక్టార్‌ను అక్షరం పొల్లుపోకుండా చూసుకునే పాత కంట్రోలర్లు (యంత్రాన్ని నడిపే కంప్యూటర్లు) అలాంటి ఫ్లాపీని తమది కాదని తిప్పికొట్టే వీలుంది.

ఆ తరువాత సందేశాన్ని ఉన్నదున్నట్టు పుస్తకంలో ఎక్కించండి. ‘ఫ్లాపీ పని చేయలేదు’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ కంప్యూటర్లో పెట్టినప్పుడు, చదివేటప్పుడా రాసేటప్పుడా, అంతకుముందు ఆ ఫ్లాపీ ఏ డ్రైవులో రాయబడింది అన్న మూడు సంగతులూ ఉండాలి. ఫ్లాపీలకు పేర్ల కంటే అంకెలు మేలు. లేబుల్ మీద ఒకరు కన్నడంలో, ఒకరు తెలుగులో, ఇంకొకరు తమిళంలో జాబ్ పేరు రాసే షాపులో అందరూ ఒకేలా చదవగలిగేది అంకె ఒక్కటే. పాత లేబుల్ మీద కొత్తది అంటిస్తూ పోవడం కూడా మానాలి. నాలుగు పొరలైన లేబుల్ అంచు లేచి డ్రైవు లోపల అంటుకుంటే ఫ్లాపీ బయటికి రాదు.

రెండో మెట్టు: ఫ్లాపీని కంటితో పరీక్షించడం

చాలామంది దాటవేసే మెట్టు ఇదే. దీనికి ఖర్చు లేదు, రెండు నిమిషాలు చాలు. మంచి వెలుతురులో నిలబడి ముందుగా లోహపు షట్టర్‌ను చూడండి. అది ఏ కొంచెం వంగి ఉన్నా డ్రైవులోకి సులువుగానే వెళుతుంది, బయటికి వచ్చేటప్పుడు మాత్రం పై హెడ్‌ను పట్టుకుని లాగేస్తుంది. వంగిన షట్టర్‌ను సరిచేయడానికి శ్రమపడకుండా పూర్తిగా ఊడదీయండి. షట్టర్ లేని ఫ్లాపీ ఒకసారి నకలు తీసుకోవడానికి చక్కగా పనికివస్తుంది, ఆ తరువాత దానిని వాడుకలో ఉంచవద్దు.

షట్టర్‌ను పక్కకు జరిపి పట్టుకుని, వెనక మధ్యలో ఉన్న లోహపు చక్రాన్ని వేలితో మెల్లగా తిప్పుతూ లోపలి నల్లటి పళ్ళెం మొత్తం కనబడేలా చూడండి. పళ్ళేన్ని మాత్రం తాకవద్దు. ఉపరితలం ఒకే రంగులో, నున్నగా, మసక మెరుపుతో ఉండాలి. గుండ్రంగా చుట్టూ తిరిగిన మెరిసే గీత కనిపిస్తే హెడ్ పూతను గీకివేసిందని అర్థం, ఆ గీత వెలుతురును అవతలికి పోనిస్తుంటే అక్కడ పూతే లేదు. తెల్లటి, బూడిదరంగు చుక్కలు బూజు. వేలిముద్ర ఆకారంలో మెరిసే మచ్చ కటింగ్ ఆయిల్ అంటిన చెయ్యి. ఈ మూడింటిలో ఏది కనిపించినా ఆ ఫ్లాపీని ఇంకే డ్రైవులోనూ పెట్టకూడదు. అందులో ఉన్నది చాలా అవసరమైతే నకలు తీసే పనికి కేటాయించిన ఒక పాత డ్రైవు ఉండాలి, ఒక్కో ఫ్లాపీ తరువాత దాని హెడ్లు తుడవాలి.

మెషిన్ షాపుకే ప్రత్యేకమైన శత్రువు ఇంకొకటి ఉంది, అది కంటికి కనిపించదు. డయల్ గేజ్ నిలబెట్టే మ్యాగ్నెటిక్ స్టాండు, సర్ఫేస్ గ్రైండర్ మీది మ్యాగ్నెటిక్ చక్ ఫ్లాపీలోని రాతను చడీచప్పుడు లేకుండా చెరిపేస్తాయి. పళ్ళెం అద్దంలా ఉండీ, ఒక ఫ్లాపీ అనేక చోట్ల చదవబడకపోతే, దానిని ఎక్కడ పెట్టారో అడగండి. చొక్కా జేబులో ఫ్లాపీ వేసుకుని అదే జేబుకు ఆనించి స్టాండు మోసుకువెళ్ళే అలవాటు ఉన్న చోట కారణం వెతకనక్కర లేదు.

మూడో మెట్టు: తప్పు ఫ్లాపీదా, డ్రైవుదా

ప్రతి ఉమ్మడి కంప్యూటరు దగ్గరా రెండు ఫ్లాపీలు వేరుగా ఉంచాలి. ఒకటి పోయినా బాధలేని ఖాళీ ఫ్లాపీ, రెండోది బాగా పనిచేస్తుందని తెలిసిన, మీట తెరిచి ఉంచిన సాక్షి ఫ్లాపీ. అనుమానం వచ్చిన డ్రైవులో ముందు ఖాళీదే పెట్టాలి. అది లోపల కొన్ని నిమిషాలు తిరిగాక బయటికి తీసి, పళ్ళెం మీద కొత్త గీత పడలేదని చూసుకున్న తరువాతే సాక్షిని లోపలికి పంపాలి. గీకే డ్రైవుకు మొదటే సాక్షిని అప్పగిస్తే ఇక సాక్ష్యం చెప్పేవాళ్ళు మిగలరు.

సాక్షి మొదటి నుంచి చివరిదాకా చదవబడితే డ్రైవు నిర్దోషి, పని ఫ్లాపీ మీదే. సాక్షి కూడా చదవబడకపోతే ఫ్లాపీని వదిలి డ్రైవును చూడాలి. పైపైన ఫైళ్ళ జాబితా చూసి సరే అనుకోవద్దు. ఈ ఫ్లాపీలో ఒక్కో వైపు 80 ట్రాకులు (గుండ్రటి వరుసలు), ఒక్కో ట్రాకులో 18 సెక్టార్లు (వరుసలోని ముక్కలు), మొత్తం 2,880 సెక్టార్లు ఉంటాయి. బూట్ సెక్టార్, ఫైళ్ళు ఎక్కడున్నాయో చెప్పే పట్టిక రెండు ప్రతులు, ఫైళ్ళ జాబితా అన్నీ కలిపి మొదటి 33 సెక్టార్లలోనే సర్దుకుంటాయి, అంటే రెండు వైపులా అన్నిటికంటే బయటి ట్రాకులోనే. జాబితా కనబడిందంటే బయటి అంచు బాగుందని మాత్రమే తెలుస్తుంది. ఇదే తిరగవేస్తే ఒక ఊరట కూడా ఉంది. బయటి అంచు ఒక్కటే చెడినప్పుడు ఫ్లాపీ పూర్తిగా ఖాళీ అయినట్టు కనబడినా, మీ ప్రోగ్రాము లోపలి ట్రాకుల్లో చెక్కుచెదరకుండా ఉండవచ్చు.

నాలుగో మెట్టు: సందేశం ఏమి చెబుతోంది

‘నాట్ రెడీ’ అంటే ఫ్లాపీ సరిగా కూర్చోలేదు, లేదా డ్రైవులో చక్రం తిరగడం లేదు. బయటికి తీసి మళ్ళీ పెట్టి, తిరిగే చప్పుడు వినండి. ‘రైట్ ప్రొటెక్ట్’ సందేశం మీట మూసి ఉన్నప్పుడు కూడా వస్తుంటే, మీటను పసిగట్టే చిన్న స్విచ్‌లో దుమ్ము చేరింది. ‘సెక్టార్ నాట్ ఫౌండ్’, ‘డేటా ఎర్రర్’ అన్నవి పూత చెడినప్పుడూ, హెడ్ మురికైనప్పుడూ, డ్రైవు అమరిక తప్పినప్పుడూ ఒకేలా వస్తాయి కాబట్టి వాటిని బట్టి వెంటనే తీర్పు చెప్పలేము. ‘ట్రాక్ జీరో బ్యాడ్’ ఫార్మాట్ చేసేటప్పుడు, అంటే ట్రాకులు కొత్తగా గీసేటప్పుడు, వస్తుంది. సాక్షి పరీక్షలో డ్రైవు నెగ్గి ఉంటే ఆ ఫ్లాపీని పారవేయడమే మంచిది.

‘జనరల్ ఫెయిల్యూర్’ దగ్గర కొంచెం ఆగాలి. డ్రైవుకు ఫ్లాపీ పద్ధతి అర్థం కాలేదని దాని భావం, అందుకు పాత యంత్రాల షాపుల్లో తరచు కనబడే కారణం టేపు ముక్క. కొన్ని పాత కంట్రోలర్లు 720 కిలోబైట్ల ఫ్లాపీలనే ఒప్పుకుంటాయి. అవి దొరక్క 1.44 ఫ్లాపీకి మీట లేని మూలనున్న రెండో రంధ్రాన్ని టేపుతో మూసి 720కి ఫార్మాట్ చేస్తారు. ఎవరో ఆ టేపు పీకేస్తే డ్రైవు దానిని మళ్ళీ 1.44గా భావించి చదవబోతుంది, చదవలేక చేతులెత్తేస్తుంది. టేపు తిరిగి అంటిస్తే సరిపోతుంది. అయితే రెండు రకాల పూతల అయస్కాంత స్వభావం ఒకటి కాదు కాబట్టి ఈ ఏర్పాటును తాత్కాలికంగానే చూడాలి, నెలల తరబడి దాచే ప్రోగ్రాముకు అది తగదు.

‘డిస్క్ ఫుల్’ అని వచ్చి, చూస్తే సగం స్థలం ఖాళీగా ఉంటే భయపడనక్కర లేదు. ఈ ఫ్లాపీ మూల జాబితాలో 224 గళ్ళే ఉంటాయి. విండోస్‌లో పెట్టే పొడవాటి పేర్లు ఒక్కొక్కటీ ప్రతి 13 అక్షరాలకు ఒక గడి చొప్పున అదనంగా తింటాయి. పేరు ఎనిమిది అక్షరాలకు మించకుండా పెడితే గళ్ళూ మిగులుతాయి, పాత కంట్రోలరూ పేరు చదవగలుగుతుంది.

కంప్యూటరు తెరవగానే ‘నాన్ సిస్టం డిస్క్’ అని వస్తే ఎవరో ఫ్లాపీని డ్రైవులో మరిచిపోయారు. 1986 నాటి బ్రెయిన్ మొదలుకొని బూట్ సెక్టార్ వైరస్‌లు ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి వెళ్ళిన దారి ఈ మరుపే. బయోస్‌లో, అంటే కంప్యూటరు వెలగగానే ముందుగా నడిచే మూల ప్రోగ్రాములో, హార్డ్ డిస్కును మొదటి స్థానంలో పెడితే ఆ దారి మూసుకుపోతుంది.

అయిదో మెట్టు: డ్రైవు లోపలికి

బయోస్‌లో డ్రైవు రకం 1.44 అని ఉందో లేదో ముందు చూడండి. మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయిన పాత కంప్యూటరు ఈ సంగతి మరిచిపోతుంది. తరువాత కరెంటు తీగ పీకి పెట్టె తెరవండి. కంప్యూటరు వెలిగినప్పటి నుంచి డ్రైవు దీపం ఆరకుండా వెలుగుతూనే ఉంటే 34 తీగల కేబుల్‌ను ఒక చివర తిరగేసి గుచ్చారు. ఎర్ర గీత ఉన్న అంచు ఒకటో పిన్ను వైపు ఉండాలి. కేబుల్ మధ్యలో మెలిక తిరిగిన భాగం దాటాక చివరన ఉన్న కనెక్టరు ఎ డ్రైవుది.

హెడ్ తుడవడానికి నీరు తక్కువగా ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. బెంగళూరు ఎస్.పి. రోడ్డులో సర్క్యూట్ బోర్డుల సామాను అమ్మే దుకాణాల్లో అడగండి. నూలు పోగులు వదిలే దూది వద్దు, స్పాంజి మొన ఉన్న పుల్ల మంచిది. కింది హెడ్ స్థిరంగా ఉంటుంది, పైది సన్నని స్ప్రింగు చేతి మీద వేలాడుతుంది. పైదానిని పుల్ల పట్టేంత మాత్రమే లేపండి. ఎక్కువ లేపితే అమరిక శాశ్వతంగా పోతుంది. పుల్ల గోధుమరంగుకు తిరిగితే అది ఫ్లాపీల నుంచి రాలిన పూత. పుల్ల శుభ్రంగా వచ్చేదాకా తుడిచి, బాగా ఆరనిచ్చి, అప్పుడు ఖాళీ ఫ్లాపీతో మళ్ళీ పరీక్షించండి. హెడ్‌ను ముందుకు వెనక్కు జరిపే మరపట్టాల మీద గ్రీజు ఎండి ఇనుప రజనుతో ముద్దకట్టి ఉంటే దానినీ తీసి కొత్త గ్రీజు పల్చగా పూయండి.

ఇక్కడ చెప్పవలసిన అతి ప్రమాదకరమైన లోపం ఒకటుంది. ఫ్లాపీ మార్చిన సంగతిని డ్రైవు 34వ పిన్ను ద్వారా కంప్యూటరుకు తెలుపుతుంది. ఆ తీగ తెగితే రెండో ఫ్లాపీ పెట్టినా తెర మీద మొదటిదాని జాబితాయే కనబడుతుంది. చూడడం వరకైతే విసుగే తప్ప నష్టం లేదు. ఆ స్థితిలో ఏదైనా రాశారా, మొదటి ఫ్లాపీ పట్టిక రెండోదాని మీద పడి రెండో మనిషి ఫైళ్ళన్నీ అల్లకల్లోలమవుతాయి. వెంటవెంటనే ఫ్లాపీలు మారే ఉమ్మడి కంప్యూటర్లో ఇది వేరే ఎక్కడా లేనంత నష్టం చేస్తుంది. వేర్వేరు ఫైళ్ళున్న రెండు ఫ్లాపీలకు మీటలు తెరిచి, ఒకదాని తరువాత ఒకటి పెట్టి జాబితాలు చూడండి. రెండుసార్లూ ఒకే జాబితా వస్తే ముందు కేబుల్ మార్చండి, అప్పటికీ మారకపోతే డ్రైవు మార్చండి. అంతవరకు ఆ కంప్యూటరు మీద ‘రాయరాదు’ అని కాగితం అంటించండి.

ఆరో మెట్టు: అమరిక తప్పిన డ్రైవును పట్టుకోవడం

తను రాసినవి తను చదువుకుంటూ, ఇతరులు రాసినవి చదవలేక, తన రాత ఇతరులకు అర్థం కాకుండా పోయే డ్రైవు ఒకటి షాపులో ఉంటే, ఆ కంప్యూటరు ముందు కూర్చునే వాళ్ళు తమ డ్రైవు బాగుందనే వాదిస్తారు. వాళ్ళ కళ్ళముందు అది నిజమే. కాబట్టి వాదన పెట్టుకోకుండా ఒక పట్టిక గీయండి. అడ్డంగా రాసిన డ్రైవులు, నిలువుగా చదివిన డ్రైవులు. ప్రతి డ్రైవులోనూ ఒక కొత్త ఫ్లాపీని పూర్తిగా ఫార్మాట్ చేసి, ఒక పెద్ద ఫైలు రాసి, మీట తెరిచి, మిగిలిన అన్ని డ్రైవుల్లోనూ, యంత్రం మీది డ్రైవులో కూడా, చదివించండి. అడ్డు వరుసా నిలువు వరుసా రెండూ తప్పులతో నిండిన డ్రైవే దోషి. అమరికను సరిచేయడానికి ప్రత్యేకమైన కొలత ఫ్లాపీ, ఆసిలోస్కోపు కావాలి. ఆ పని చేయించడం కంటే వేరే డ్రైవు తేవడమే చౌక.

డ్రైవు విప్పే ముందు మాత్రం దానిలో రాసిన ఫ్లాపీలన్నిటినీ దానితోనే చదివించి హార్డ్ డిస్కులోకి తీసుకోండి. దాని వంకర రాతను చదవగలిగేది అదొక్కటే. కొత్త డ్రైవు పెట్టాక పాత ఫ్లాపీల మీద నేరుగా కొత్త ప్రోగ్రాములు ఎక్కించవద్దు. కొత్త రాత పాత ట్రాకు పక్కగా పడి రెండూ కలగలిసిపోతాయి. ముందు పూర్తి ఫార్మాట్ చేయాలి, క్విక్ ఫార్మాట్ ట్రాకులను తిరిగి గీయదు.

ఏడో మెట్టు: లోపలున్నదాన్ని కాపాడడం

ఫ్లాపీలోనిది అవసరమైనప్పుడు దాని మీద స్కాన్‌డిస్క్ వంటి మరమ్మతు ప్రోగ్రాములు నడపకూడదు. అవి ఫ్లాపీని బాగుచేస్తాయి తప్ప మీ ఫైలును కాదు, అనుమానమున్న చోటల్లా కత్తిరించి సర్దేస్తాయి. ముందు మొత్తం ఫ్లాపీకి ఒక నకలు ఫైలు తీయాలి. లినక్స్‌లో ఉచితంగా దొరికే జి.ఎన్.యు. డిడిరెస్క్యూ ఈ పనికి సరైనది. మూలంగా ఫ్లాపీ డ్రైవునూ, గమ్యంగా నకలు ఫైలునూ, మూడోదిగా ఒక మ్యాప్ ఫైలునూ ఇస్తే, చదవగలిగిన సెక్టార్లను తీసుకుని చదవలేనివి ఏవో ఆ మ్యాప్‌లో రాసుకుంటుంది. దీని అసలు గొప్పతనం తరువాతి అడుగులో ఉంది. అదే నకలునూ అదే మ్యాప్‌నూ ఉంచి, ఫ్లాపీని వేరే డ్రైవులో పెట్టి మళ్ళీ నడిపితే మిగిలిన సెక్టార్ల కోసం మాత్రమే వెతుకుతుంది. ఒక డ్రైవు వదిలినది ఇంకొకటి పట్టుకోవడం తరచు జరుగుతుంది. రెండో మెట్టులో నెగ్గిన ఫ్లాపీకే ఈ డ్రైవుల మార్పిడి తగును. పూర్తయిన నకలు పరిమాణం 14,74,560 బైట్లు ఉండాలి. అప్పటికీ లొంగని వాటికి, మామూలు డ్రైవునే యు.ఎస్.బి.కి కలిపి అయస్కాంత సంకేతాన్ని యథాతథంగా తీసే గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డు ఉంది.

నకలు నుంచి తీసిన సి.ఎన్.సి. ప్రోగ్రామును నేరుగా యంత్రానికి ఎక్కించవద్దు. చదవబడని ఒక్క సెక్టారంటే ప్రోగ్రాములో 512 అక్షరాల గుంట. టూలును పైకి లేపే జెడ్ అక్షపు వరుస ఆ గుంటలో పడి పోయిందంటే, తరువాతి వరుసలో టూలు జాబ్‌ను (యంత్రం మీద బిగించిన లోహపు ముక్కను) పొడుచుకుంటూ అడ్డంగా పోతుంది. ఫైలు మొదట్లోనూ చివరా శాతం గుర్తు, ముగింపుకు ముందు ఎం 30 (ప్రోగ్రాము అయిపోయిందనే ఆజ్ఞ) ఉన్నాయో చూసి, మ్యాప్‌లో తప్పిపోయినట్టున్న చోట్లు ఆ ఫైలులోకి వస్తాయో రావో పోల్చి, తరువాత యంత్రం మీద జాబ్ లేకుండా ఉత్తగా తిప్పి చూడాలి.

రోజువారీ కట్టుబాట్లు

రాసిన ప్రతి ఫ్లాపీనీ బయటికి తీసి మళ్ళీ పెట్టి పోల్చి చూడాలి. తీయకుండా పోల్చితే కంప్యూటరు తన జ్ఞాపకంలో ఉన్నదాన్నే చూపించి అంతా బాగుందంటుంది. చెక్‌డిస్క్ అనే పరీక్ష ప్రోగ్రాము ఇచ్చే మొత్తం స్థలం 14,57,664 బైట్లు, దాని కింద చెడ్డ సెక్టార్ల వరుస కొత్తగా కనబడిన ఫ్లాపీ ఆ రోజుతో విశ్రమించాలి. రాస్తుండగా కరెంటు పోతే పట్టిక రెండు ప్రతులు ఒకదానికొకటి పొసగవు కాబట్టి ఆ కంప్యూటరుకు చిన్న యు.పి.ఎస్. తప్పనిసరి.

కొత్త ఫ్లాపీలు దొరకడం కష్టమైన చోట గోటెక్ వంటి ఎమ్యులేటర్ పెట్టడం నా దృష్టిలో సరైన మార్గం. అది డ్రైవు స్థానంలోనే అదే 34 పిన్నుల కేబుల్‌కు అమరి, పెన్ డ్రైవులోని నకలు ఫైళ్ళను ఫ్లాపీలుగా చూపుతుంది. కొనేముందు మీ కంట్రోలరు కోరేది 720నా 1.44నా అన్నది తేల్చుకోండి. పెట్టిన తరువాత యంత్రం నుంచి తీసిన పాత డ్రైవును పాత సామానుకు వేయకండి, ఏ యంత్రానిదో అంకె రాసి దాచండి. బీరువాలో మిగిలిన ఫ్లాపీలన్నిటికీ నకళ్ళు తీసేదాకా దానితో పని ఉంటుంది.